సున్నం పూసిన రాళ్లు

హా రంత్సో,
మార్చి 4

నా మీద నాకంటే ఎక్కువ బెంగపెట్టుకునే మాత్సెలిసో అక్కకి,

ఒళ్లు బాగానే ఉంది. మనసు సంగతి అడక్కు. అడక్కపోయినా చెప్తాను, ఈ ఉత్తరం అందుకే. దుకాణం దగ్గర ఫోనుందిగా, చెయ్యొచ్చుగా అంటావు. అక్కడ అరిస్తే గానీ నీకు వినపడదు, నేను అరిస్తే ఉప్పుకొచ్చిన వాళ్లంతా సంచులు కిందపెట్టి మరీ వింటారు. బస్సు నడిపే మొహాపి చేతికి ఇస్తున్నాను. కవరు మూడుచోట్ల అంటించాను. విప్పినట్టు కనపడితే వాడి చెవి మెలిపెట్టు.

మసేరు పట్నంలో ఫోటోల ప్రదర్శనకు వెళ్లొచ్చాను. వెళ్లొచ్చాను అంటే, గుమ్మం దాకా. కొండల ఫోటోలకు ఏటా ఒక గోడంతా ఒక్కరికే ఇస్తారని నీకు తెలుసు కదా. నిరుడు ఆ గోడ నాది. ముందటేడూ నాదే. ఈసారి గుమ్మం పక్కన బారెడు అక్షరాలతో రాసి పెట్టిన పేరు కెనెవె. మన కెనెవె! కింది పేటలో చనిపోయిన మామెల్లో అత్త కూతురు, నిన్నమొన్నటి దాకా ముక్కు తుడుచుకోవడం రాని పిల్ల. దానికి కెమెరాలో ఫిల్ము పెట్టడం నేర్పింది నేను. వెలుతురు ఎటునుంచి పడుతుందో చూడమని మెడ పట్టుకుని తిప్పింది నేను. ఏకు మేకై కూర్చుంది అంటారే, అది నా గోడ మీదే కూర్చుంది.

ఆ పేరు చూసి లోపలికి అడుగు పెట్టలేకపోయాను అక్కా. వెనక్కి తిరిగి బస్టాండుకొచ్చి, వేడి వేడి పిండివడలు ఆరు కొనుక్కుని, ఆరూ తిన్నాను. తిరుగు బస్సులో పక్కన కూర్చున్నావిడ మన ఊరిదే. "లిమకత్సో, నీ శిష్యురాలు నిన్ను దాటేసిందటగా! ఎంత గర్వంగా ఉందో కదా నీకు!" అంది. "ఉండదా మరి!" అన్నాను, పళ్లన్నీ బయటపెట్టి. కొండ ఎక్కినంతసేపూ దవడలు నొప్పి పుట్టాయి.

నాకు ఎక్కడ మండుతోందో చెప్పనా? అది తీసింది ఒకే ఒక్క వాలట. ఊరి వెనక, మట్టి కొట్టుకుపోయి పక్కటెముకల్లా గండ్లు పడ్డ ఆ దరిద్రపు వాలు. నెలకోసారి, రెండేళ్లు, అక్కడే నిలబడి తీసి, అందులోంచి పన్నెండు ఏరిందట. నేను తిరగని కనుమ లేదు. అద్దె గుర్రం మీద మంచులో పడి వెళ్లి, బొటనవేలి గోరు పోగొట్టుకుని జలపాతం తీసుకొచ్చాను. పొగమంచు పైన శిఖరాలు తీశాను. దుప్పటి కప్పుకున్న రౌతును ఆకాశం ముందు నిలబెట్టి తీశాను. ఇదేమో ఇంటి వెనక పెరట్లోకి వెళ్లొచ్చినట్టు వెళ్లొచ్చి నా గోడ ఎక్కింది.

పైగా జనవరిలో పనిగట్టుకుని ఇంటికొచ్చి, "అక్కా, నువ్వు తప్పకుండా రావాలి. నీకు అక్కడ ఒకటి చూపించాలి" అంది. చూపించాలట! నా గోడను నాకే చూపించాలట!

నిజం చెప్తున్నాను అక్కా, మూడేళ్లుగా నాకు ఏం తీయాలో తెలియడం లేదు. కొండ కనపడితే కెమెరా ఎత్తుతాను, అందంగానే వస్తుంది, దాన్ని చూస్తే నాకేమీ అనిపించదు. ఎవరో అచ్చేసిన కార్డును నేను మళ్లీ అచ్చేస్తున్నట్టుంటుంది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదిది. అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. మీ బట్టల ఫ్యాక్టరీలో నీ పక్క మిషను ఖాళీ అవుతుందన్నావు. అది నాకిప్పించు. కెమెరా పెట్టెలో పెట్టేస్తాను. జేబులు కుట్టుకుంటూ బతుకుతాను. జేబును చూసి ఎవరూ ఈర్ష్యపడరు.

నీ చెల్లి,
లిమకత్సో

*

హా రంత్సో,
మార్చి 27

తిట్టినా తీపిగానే తిట్టే అక్కకి,

నీ జవాబు చేరింది. మిషను జూన్ ఒకటి నుంచి నాదేనన్నావు, సంతోషం. "చూడకుండానే కుళ్లుకుంటున్నావేమే, చూసి కుళ్లుకో, కనీసం కారణమైనా తెలుస్తుంది" అని రాశావు. ఆదివారం మసేరు వెళ్లి ఆ ఫోటోలు నువ్వే చూసొస్తానన్నావు. వద్దక్కా. నా మీద ఒట్టు. నువ్వు బాగున్నాయంటే నేను తట్టుకోలేను. బాగాలేవంటే నమ్మలేను.

ఇప్పుడు రాసేది చదివాక ఉత్తరం పొయ్యిలో పడేయ్.

పోయిన వారం కెనెవె మసేరులోనే ఉంది, వచ్చినవాళ్లకు ఫోటోల గురించి చెప్పాలట. ఆ సంగతి తెలిసే కొండెక్కాను. దారిలో మందతో కాపరి త్లాలి ఎదురయ్యాడు. ఎండాకాలంలోనూ ఆ బూడిదరంగు దుప్పటి, ఆ రబ్బరు బూట్లు. "ఎక్కడి నుంచి, ఎక్కడికి?" అన్నాడు ఆనవాయితీగా.

"ఇంటి నుంచి కొండకి."

"కొండకా? పెద్ద పెద్ద కొండలుండగా మా బోడి వాలు మీద పడ్డారేంటమ్మా ఫోటోల వాళ్లంతా? ఆ చిన్నది కూడా ఇక్కడే చస్తుంది. వానలో ఒకసారి చూశా, కెమెరా మీద గొడుగు, తన మీద వాన! పిచ్చిదనుకున్నా" అని నవ్వాడు. నేను నవ్వలేదు. నేనెప్పుడూ వానలో నిలబడలేదు మరి.

వాలు దగ్గరికి వెళ్లి చూద్దును కదా, అది బోడిగా లేదక్కా. గడ్డి మోకాలిదాకా ఉంది. ఇళ్లు కప్పే గడ్డి, మన చిన్నప్పుడుండేదే, కొసలు ఎర్రబడుతూ గాలికి ఒకేవైపు వాలుతోంది. గండ్ల అంచులు మెత్తబడ్డాయి. కింద ఊట దగ్గర తడి మెరుస్తోంది. ఆ పిల్ల నెలనెలా తీసిందేంటో అప్పుడర్థమైంది. మట్టి గడ్డిగా మారడం తీసింది. నేనెప్పుడూ ఒక చోటికి రెండోసారి వెళ్లనైనా వెళ్లలేదు, నాకెలా కనపడుతుంది?

గట్టు పొడుగునా మోకాలెత్తు రాళ్ల కుప్పలు ఆరు, వరసగా, సున్నం పూసి ఉన్నాయి. ఆరుచోట్ల నుంచి తీస్తుంది కాబోలు, కెమెరా కాళ్లు ఎక్కడెక్కడ పెట్టాలో గుర్తుకు పెట్టుకుంది. పొగమంచులో కనపడాలని సున్నం. మొదటి కుప్ప పక్కన నా కెమెరా నిలబెట్టాను. అక్కడ నిలబడితే ఎంత కుదురుగా ఉందో చెప్పలేను. కొండ రెండు పళ్లూ, అదే ఆ జంట శిఖరాలూ, సరిగ్గా ఎక్కడుండాలో అక్కడున్నాయి. ఈ చోటు నాకెందుకు దొరకలేదు అనుకున్నాను. అంతే, కళ్లలో కారం కొట్టినట్టయింది.

తన్నాను అక్కా. మొదటి కుప్పను కాలితో తన్నాను. తర్వాత చేతులతో ఒక్కో రాయీ ఎత్తి కింది గండిలోకి దొర్లించాను. గంటన్నర పట్టింది. చెమటలు కారాయి, మధ్యలో కూర్చుని నీళ్లు తాగాను. కోపంలో చేశాను అని చెప్పుకోవడానికి కూడా లేదు. నాలుగో కుప్ప దగ్గరకొచ్చేసరికి కోపం అయిపోయింది. ఇక పనే మిగిలింది. మిగతా రెండూ పనిలా పూర్తి చేశాను.

ఇక అది ఎక్కడ నిలబడాలో వెతుక్కుంటూ కూర్చోవాలి. ఈ మాట రాస్తుంటే నాకు హాయిగా ఉండాలి. లేదు. చేతులకు సున్నం ఇంకా వదల్లేదు, సంకటి ముద్ద చేస్తుంటే కూడా కనపడుతోంది.

నీ చెల్లిననడానికి సిగ్గుపడుతూ,
లిమకత్సో

*

హా రంత్సో,
ఏప్రిల్ 19

అక్కా,

సంబోధన కూడా సరిగ్గా రాయలేకపోతున్నాను. నువ్వు పొయ్యిలో వేశానన్న ఆ ఉత్తరం నిజంగానే కాలింది కదా? ఇక్కడ కొంప మునిగింది.

ఈ నెల మొదట్లో పై కొండల నుంచి మందలు దిగాయి. దిగి, సరాసరి ఆ వాలు మీద పడ్డాయి. నలభై ఆవులు, గొర్రెలు లెక్కలేనన్ని. మూడు రోజులు. నేను నాలుగో రోజు చూశాను. వేళ్లతో సహా గీకేశాయి. ఊట బురద గుంటయింది. అంత గడ్డి అక్కడ ఉండేదంటే ఇక ఎవరూ నమ్మరు.

నిన్న మన ఊరేలే ముఖ్యురాలు మాలెఫా గారు ఊరందరినీ పిలిపించింది. మగవాళ్లు దుప్పట్లు సర్దుకుని ఒకవైపు, మేం ఆడవాళ్లం ఒకవైపు. ముందు త్లాలిని నిలబెట్టింది.

"నా మేత నిషేధం దాటి మంద ఎందుకు తోలావు?"

"అమ్మా, నేనెందుకు దాటుతాను? రెండేళ్ల కిందట సున్నం కుప్పలు పెట్టారు, సరే, పచ్చిక మూసేశారని అటు తొంగిచూడలేదు. నా ముసలి ఆవు అటు తల తిప్పితే దాన్నీ కొట్టాను. ఇప్పుడొచ్చి చూస్తే కుప్పలు లేవు. ఆహా, విప్పేశారు, మనకు చెప్పడం మరిచారు అనుకున్నాం. కుప్ప ఉంటే మూసినట్టు, లేకపోతే విప్పినట్టు. మా తాతలనుంచీ అంతేగా!"

"నేను ఏ కుప్పలూ పెట్టించలేదే?"

"మీరు కాదు, మీ ఆయన. పెద్దాయన పోయేముందు పెట్టించి పోయారనుకున్నాం."

ముఖ్యురాలు, "నేనూ అదే అనుకున్నాను. నాతో చెప్పకుండా ఆయన చేసిన పనులు చాలా ఉన్నాయి, ఇదీ ఒకటిలే అనుకున్నాను. బతికుండగా చేసినవాటిలో ఇదొక్కటే మంచిదని మొక్కుకున్నాను కూడా" అంది. నవ్వులు! నేనూ నవ్వాను, లేకపోతే ఎవరైనా నా మొహం చూస్తారని.

అప్పుడు కెనెవె లేచి నిలబడింది. "అవి నేను పెట్టినవమ్మా. పచ్చిక కోసం కాదు, నా కెమెరా కోసం" అంది. నవ్వులు ఆగిపోయాయి. అర్థమైందా అక్కా? దాని ఫోటో గుర్తుల్ని చూసి ఊరు ఊరంతా ముఖ్యుల ఆజ్ఞ అనుకుంది. ఎవరూ కావాలని కాపాడకుండానే రెండేళ్లు ఆ గడ్డి బతికింది. నేను మసేరు గోడ మీది ఫోటో చెడగొట్టాననుకున్నాను. నేను చెడగొట్టింది వాలుని.

ఇంకా ఉంది. జూన్‌లో ఆ గడ్డి కోతకు విప్పుదామని ముఖ్యురాలు ఇళ్ల జాబితా రాసి పెట్టుకుందట, కప్పు కారే ఇళ్లకు ముందు. అందులో మూడో పేరు మనదే. మన వంటగది కప్పు కోసం.

"నా గుర్తు నన్నడక్కుండా పెట్టడం చిన్న తప్పు కాదు. దాన్ని తీసేయడం ఇంకా పెద్ద తప్పు. నువ్వే తీశావా?" అని కెనెవెను అడిగింది. లేదంది. "మరెవరు?" అంది. నేను తేలు కుట్టిన దొంగలా, కాళ్ల దగ్గరున్న చీమల్ని చూస్తూ కూర్చున్నాను. కెనెవె ఒక్కసారి ఆడవాళ్ల వైపు చూసింది. నన్ను చూసి, నాకోసమే అన్నట్టు కొంచెం నవ్వింది. ధైర్యం చెప్పమని అడుగుతోందక్కా, నన్నే!

పదిహేను రోజుల్లో మళ్లీ కూర్చుంటారు. అప్పటిదాకా అది కెమెరా పట్టుకుని కొండెక్కకూడదు. తేలకపోతే ఎప్పటికీ ఎక్కకూడదు. నాకు కావలసింది ఇదే కదా? గోడ ఖాళీ అవుతుంది. ఇంత సులువుగా ఎవరికీ ఏదీ దొరకదు. నిన్నటి నుంచి అన్నం సహించడం లేదు.

ఏం చెయ్యమంటావో రాయి. తొందరగా రాయి.

లిమకత్సో

*

హా రంత్సో,
మే 16

నా అక్కకి, నా అమ్మకి, నా పోలీసుకి,

నీ ఉత్తరంలో ఉన్నవి రెండే వాక్యాలు. "నీ పాపం నాకెందుకు చెప్తావే, నేనేమన్నా పాస్టర్నా? మిషను సంగతి తర్వాత, ముందు లేచి నిలబడు." మొహాపి ఇస్తూ, "ఇంత పల్చటి ఉత్తరమా, మీ అక్క కాగితం పొదుపు చేస్తోందా?" అన్నాడు. నా మీద కొండంత బరువు పడిందని వాడికేం తెలుసు.

నిలబడ్డాను. రెండోసారి ఊరు కూడినప్పుడు ముఖ్యురాలు నోరు తెరవకముందే లేచి, "నేను తీశాను. కెనెవె మీద ఓర్వలేక తీశాను" అన్నాను. అంత చిన్న మాట. త్లాలి, "ఓర్వలేక రాళ్లు మోసిందా! నా పెళ్లాం ఓర్వలేకపోతే పడుకుంటుంది" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. కెనెవె నన్ను చూడలేదు. దుప్పటి భుజం మీదికి లాక్కుని వెళ్లిపోయింది.

ముఖ్యురాలు తీర్పు: "గండిలోకి దొర్లించిన ప్రతి రాయినీ నువ్వే పైకి మొయ్యి. ఆరు కుప్పలూ నిలబెట్టు. ఈసారి అవి నిజంగా నా గుర్తులు." దించేటప్పుడు గంటన్నర పట్టిన పని, ఎక్కించడానికి పదకొండు రోజులు పట్టింది. నడుం పట్టేసింది. ఆడవాళ్లు దారిలో ఎదురైతే పలకరించకుండా, నా వంటగది కప్పు వైపు చూసి పోతున్నారు. అది వాళ్ల హక్కు.

ఐదో రోజు కెనెవె వచ్చింది. నేను చంకలో రాయితో రొప్పుతూ గట్టెక్కుతున్నాను. సాయం పట్టలేదు. పైన నిలబడి, "నువ్వు లోపలికి రాలేదా?" అంది. 'అక్కా' అనలేదు.

"ఎక్కడికి?"

"మసేరులో. వచ్చావని మొహాపి చెప్పాడు. చూసి కూడా ఇలా ఎలా చేశావో నాకర్థం కాలేదు. నాలుగు రోజులు అదే ఆలోచించాను."

"గుమ్మం దగ్గర నీ పేరు చూసి వెనక్కొచ్చేశాను. పిండివడలు తిన్నాను" అన్నాను. ఎందుకో అది కూడా చెప్పాలనిపించింది.

అది దుప్పటి లోంచి ఒక ఫోటో తీసి నా చేతిలో పెట్టింది. పొగచూరి తేనె రంగుకు తిరిగింది. ఇదే వాలు. నడుం ఎత్తు గడ్డి. కొడవళ్లతో ఆడవాళ్లు వంగి కోస్తున్నారు, ఒకావిడ మాత్రం నిటారుగా నిలబడి కెమెరా వంక చూస్తోంది. మామెల్లో అత్త. వెనక్కి తిప్పితే నా పందొమ్మిదేళ్లప్పటి కోడిగీతల రాత: "గడ్డికోత. లిమకత్సో తీసినది."

గుర్తుందా అక్కా, మిషనరీల బడి టీచరమ్మ వెళ్లిపోతూ నాకు కెమెరా ఇచ్చిన ఏడు? నా మొదటి ఫిల్ము. ఆ రోజు అత్త నాకు పుల్లటి జొన్నజావ పోసింది, ఊరికే తాగడం ఎందుకని ఫోటో ఇచ్చాను. ఇచ్చి మరిచిపోయాను. ఆవిడ దాన్ని తలుపు పక్కన పెట్టుకుంది. కెనెవె దాని కిందే పెరిగింది.

"అమ్మ పోయాక ఇది పట్టుకుని వచ్చాను. నువ్వు ఎక్కడ నిలబడి తీశావో వెతికాను. ఆ రెండు పళ్లూ ఈ బండా ఇందులో ఉన్నట్టు కలిసేదాకా ముందుకీ వెనక్కీ నడిచాను. రెండు రోజులు పట్టింది. దొరకగానే రాళ్లు పేర్చాను. అదే మొదటి కుప్ప. మా అమ్మ నిలబడిన చోట మళ్లీ గడ్డి వస్తుందేమో చూద్దామని నెలనెలా వచ్చాను. నువ్వు తన్నింది నువ్వు నిలబడిన చోటు."

చంకలో రాయి కింద పడేశాను. కాలి మీద పడింది, అది వేరే సంగతి.

అక్కా, మసేరు గోడ మీద మొట్టమొదట తగిలించిన ఫోటో అదేనట. కింద నా పేరు. పొగచూరింది, తీసేద్దామన్నారట వాళ్లు. తీస్తే నా పన్నెండూ తీసేయండి అందట ఈ పిల్ల. జనవరిలో నాకు చూపించాలన్నది అదే. నేను లోపలికి పది అడుగులు వేసి ఉంటే చాలు. నేను వడలు తిన్నాను.

వెక్కి వెక్కి ఏడ్చాను. అది ఓదార్చలేదు, మంచిపనే చేసింది. కాసేపయ్యాక, "ఇక నుంచి నువ్వు తియ్యి. ఈ బురద చూస్తే నాకు చేతులాడవు. నువ్వు చేసిందేగా, నువ్వే చూడు. నెలనెలా చూడు" అని, ఫోటో మాత్రం తిరిగి తీసుకుని దిగిపోయింది.

నిన్న ఆరో కుప్ప పూర్తయ్యాక మొదటి కుప్ప దగ్గర కెమెరా నిలబెట్టాను. గిట్టల గుంటలు, చచ్చిన వేళ్లు, బురద. అందంగా లేదు. ఏ కార్డు మీదా అచ్చు వెయ్యరు. అయినా ఫిల్ములో ఒక్కటే తీసి, మిగతాది అలాగే ఉంచాను, వచ్చే నెలకు. ఏం తీయాలో మూడేళ్లుగా తెలియడం లేదని రాశానే, ఇప్పుడు తెలుసు. పన్నెండు నెలలకు ఏం తీయాలో తెలుసు. ఆ తర్వాత పన్నెండుకు కూడా.

కుళ్లు పోయిందా అని నువ్వు అడుగుతావు. పోలేదు. నీ దగ్గర అబద్ధమెందుకు? కాకపోతే ఇప్పుడు మనిషి మారింది. ఆ పందొమ్మిదేళ్ల పిల్లని చూస్తే ఒళ్లు మండుతోంది. దానికి ఏ గోడా తెలియదు, ఏ పేరూ తెలియదు. జావ తాగి, మూతి తుడుచుకుని, ఎదురుగా ఉన్న మనుషుల్ని చూసి, సరిగ్గా ఎక్కడ నిలబడాలో అక్కడ నిలబడింది. దాన్ని ఎలాగైనా దాటాలి.

ఆ మిషను ఇంకెవరికైనా ఇప్పించు. వచ్చే బస్సుకు మొహాపి చేత ఒక బస్తా సున్నం పంపు, ఇక్కడి దుకాణంలో నాకు అమ్మనంటున్నారు. కెనెవె ఇంకా అక్కా అనడం లేదు. కానీ పొద్దున కొండకేసి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి, "వాన పడేలా ఉంది, గొడుగు పట్టుకెళ్లు, కెమెరాకి" అంది.

రాళ్లు మోసి చేతులు వాచిన
నీ లిమకత్సో